బండి కింద తొంగి చూడొద్దు

పాత ఫోర్ బై ఫోర్ చూడ్డానికి వెళ్లేటప్పుడు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకోండి. ఇస్త్రీ నలుగుతుందన్న భయంతో బండి కిందికి దూరే ఆలోచనే రాదు. చూడదగ్గవన్నీ మన నడుముకు పైనే ఉంటాయి: రంగు, లైట్లు, నంబరు. కింద ఉండేవి ఛాసిస్, యాక్సిళ్లు, కమాన్ పట్టీలు. వాటిని చూసేది మెకానిక్కు. అతన్ని బేరానికి తీసుకెళ్లారంటే ఏదో ఒక వంక పెట్టి శుభకార్యం చెడగొడతాడు. మీ బావమరిదిని తీసుకెళ్లండి. సొంత డబ్బు కాదు కాబట్టి అతనికి అన్ని బండ్లూ నచ్చుతాయి.

ముందు నంబరు చూడాలి. 9999 కోసం ఖైరతాబాద్ ఆర్టీఏలో లక్షలు పాడుకునే ఊళ్లో ఉంటూ ముందుగా ఇంజన్ సంగతి అడిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అంకెలు కూడితే తొమ్మిది వచ్చే బండికి ఆయిల్ కారినా శుభమే. తర్వాత ముందువైపు ఇనుప గార్డు. బండికి అదే మీసం. ఇలాంటివి బిగించుకోనివ్వొద్దని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు సరిగ్గా తెరుచుకోకపోవచ్చని నిపుణులు అంటారు. కాబట్టి గార్డు తీయని బండి దొరికితే వదలకండి, రేపు దొరక్కపోవచ్చు.

నాలుగు చక్రాలకూ బలం అందుతోందా అని పరీక్షించడం అమ్మేవాణ్ణి అవమానించడమే. వెనక 'ఫోర్ బై ఫోర్' స్టిక్కర్ ఉంది కదా, చాలు. థార్‌లో 2023 జనవరి నుంచి వెనక చక్రాలకు మాత్రమే బలం అందే రకం కూడా అమ్ముతున్నారు. స్కార్పియో, ఫార్చ్యూనర్‌లలోనూ ఇలా రెండు రకాలూ ఉన్నాయి. థార్‌లో అయితే గేరు రాడ్డు పక్కన రెండో రాడ్డు ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. కానీ అంత తొందరగా తేల్చుకుంటే కొనే సరదా ఏముంది? పొరపాటున ఆ రాడ్డు ఉన్న బండే దొరికితే 'ఫోర్ లో' వేసి చూపించమని మాత్రం అడక్కండి. "ఎందుకు సార్, ఒక్కసారి కూడా వెయ్యలేదు, షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంది" అంటాడు. అంతకు మించిన హామీ ఎవరిస్తారు? అప్పుడప్పుడూ ఆ గేరు వేసి కొద్ది దూరం నడపాలని, లేకపోతే లోపల ఆయిల్ పారక బిగుసుకుపోవచ్చని కంపెనీ ఇచ్చిన పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా చిరగకుండా డ్యాష్‌బోర్డు అరలో కనబడితే, ఆ యజమాని బండిని ఎంత పదిలంగా చూసుకున్నాడో అర్థం చేసుకోండి.

ఢిల్లీ బండి చవక. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట మీద నిలబడింది. అలా దక్షిణాదికి దిగిన బండ్లు మన ఊళ్లలో కొత్త రంగు పూసుకుని నిలబడ్డాయి. అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, బ్యాంకు అప్పు తీరినట్టు కాగితం, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్... ఇవన్నీ కలుపుకుంటే చవకదనం కరిగిపోతుంది. కాబట్టి కలపొద్దు.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలో మునిగిన బండ్లన్నీ ఏమయ్యాయని కూడా ఆలోచించొద్దు. తలుపు తీయగానే సెంటు వాసన గుప్పుమందంటే యజమాని రసికుడని సంతోషించండి. సీటు బెల్టును చివరిదాకా లాగొద్దు, చుట్టల లోపల బురద మరక కనిపించవచ్చు. ఛాసిస్‌కి తాజాగా తారులాంటి నల్ల పూత వేసి ఉంటే ముచ్చటపడండి, సుత్తితో మాత్రం తట్టొద్దు. విశాఖ, కాకినాడ సముద్రపు గాలి తిన్న ఇనుము ఠంగుమనడానికి బదులు మొద్దుగా మోగుతుంది. విన్నాక బేరం మానుకోవాలనిపిస్తుంది.

ఇక అసలు సంగతి, లాగడం. వెనక మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న ట్రెయిలర్ తగిలించుకుని దేశం తిరగాలని కదా మీ కోరిక. అయితే పాత జిప్సీ కొనండి. 1985లో వచ్చింది, సైన్యం వాడింది, కాబట్టి దేన్నయినా లాగుతుంది. దాని బరువు టన్నుకు అటూ ఇటూ, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజన్‌కి 80 గుర్రాల బలం. వెనక టన్నున్నర ట్రెయిలర్ కట్టండి. అరకు ఘాట్ దిగేటప్పుడు ఏది దేన్ని నడిపిస్తోందో తేలిపోతుంది. ట్రెయిలర్‌కి విడిగా బ్రేకులెందుకు, ముందున్న బండికి ఉన్నాయిగా! విడిగా రిజిస్ట్రేషన్ కూడా ఉండాలంటారు, చెక్‌పోస్టులో అడిగినప్పుడు చూసుకోవచ్చు. ఎంత బరువు లాగొచ్చో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, దాని కవరు చింపొద్దని ముందే అనుకున్నాం. కొక్కేన్ని ఛాసిస్‌కి కాకుండా బంపర్‌కి వెల్డింగ్ చేయించండి, పని గంటలో అయిపోతుంది. సామాను సర్దేటప్పుడు బరువంతా ట్రెయిలర్ వెనక భాగంలో పెట్టండి. 200 లీటర్ల నీళ్ల ట్యాంకు అంటే 200 కిలోలు, అది చిట్టచివర ఉండాలి. మొత్తం బరువులో పదో వంతు దాకా కొక్కెం మీద పడాలని, లేకపోతే వేగం పెరిగేకొద్దీ ట్రెయిలర్ తోక ఊపుతుందని తెలిసినవాళ్లు చెబుతారు. హైవే మీద ఎనభై దాటాక ఆ ఊపు మొదలైతే పక్క లారీవాళ్లే దూరం జరిగి మీకు దారి ఇస్తారు.

ఇదే జోడీని లదాఖ్ తీసుకెళ్లండి. ఖార్దుంగ్ లా ఎత్తు 18,380 అడుగులని ఏళ్ల తరబడి అక్కడి బోర్డు చెప్పింది, కొలిచి చూస్తే 17,582 తేలింది. మీరు బోర్డునే నమ్మండి, ఫొటోలో పడేది అదే. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గరుండేదానిలో సగానికి కాస్త పైన. టర్బో లేని ఇంజన్‌కి 80 గుర్రాల్లో దాదాపు సగం కొండ కిందే ఆగిపోతాయి. మిగతావాటితో ట్రెయిలర్ ఎలా ఎక్కుతుందంటారా? వెనక వచ్చే మిలటరీ ట్రక్కులవాళ్లు మంచివాళ్లు.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316 అని కనిపిస్తే 2016లో 23వ వారం అన్నమాట. మందం ఉంటే చాలు, వయసు అడగడం మర్యాద కాదు. ఇంకా పెద్ద టైర్లు వేయిస్తే మరీ మంచిది. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, ఇంట్లోవాళ్లు భయపడరు.

డబ్బు పోసి నాలుగు చక్రాల డ్రైవు కొన్నారు, వాడకుండా ఎలా? హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా పొడి తారు రోడ్డు మీద ఫోర్ హై వేసే నడపండి. మన పాత జీపుల్లో, థార్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేగం సర్దే ఏర్పాటు లేదు. మలుపుల్లో అవి ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, టైర్లు కీచుమంటాయి. ఆ చప్పుడు వింటే పెట్టిన ప్రతి రూపాయీ పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. అదే బాపట్ల సూర్యలంక ఇసుకలో కూరుకుపోతే మాత్రం టైర్లలో గాలి తగ్గించకండి, యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కండి. యాక్సిల్ దాకా దిగాక లాగడానికి ఊళ్లో ట్రాక్టర్లు ఉన్నాయి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది కాలినడకన వెళ్లేవాళ్ల సామెత. వాగు కనిపిస్తే లోతు చూడకుండా దిగండి. మధ్యలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ మళ్లీ తాళం తిప్పండి. సిలిండర్లలోకి నీళ్లు చేరాక అలా తిప్పితే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో దానికి పైసా రాదు. 'ఇంజన్ ప్రొటెక్షన్' అని విడిగా కట్టుకోవాలి. కట్టకండి. ఆ ప్రీమియంతో పైన ఇంకో రెండు లైట్లు వస్తాయి.