డ్రమ్మరు గారి పావలా

ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో 1982లో నలుగురు కుర్రాళ్ళు ఒక బ్యాండు పెట్టారు. పాట రాసి పాడేది మోరిస్సే. బాణీ కట్టి గిటార్ వాయించేది జానీ మార్. బేస్ గిటార్ మీద మార్ బడి స్నేహితుడు ఆండీ రోర్క్, డ్రమ్ముల దగ్గర మైక్ జాయిస్. ఆ దేశంలో ఏ వీధికెళ్ళినా తగిలే ఇంటిపేరునే ఎంచుకుని ‘ద స్మిత్స్’ అని బోర్డు కట్టేశారు. అయిదేళ్ళలో నాలుగు ఆల్బమ్‌లు చేసి, 1987లో ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఈ అయిదేళ్ళలో ఒంటరితనం మీద, రాణిగారి మీద, ఆఖరికి మాంసాహారం మీద కూడా లోకానికి చెప్పాల్సిందంతా చెప్పారు. తమలో తాము తేల్చుకోని సంగతి ఒక్కటే మిగిలింది. ఎవరి వాటా ఎంత?

లెక్క మాత్రం ఒకటి నడిచిపోతూనే ఉంది. రూపాయి వస్తే మోరిస్సేకి నలభై పైసలు, మార్‌కి నలభై, రోర్క్‌కి పది, జాయిస్‌కి పది. పాట రాసినందుకు, బాణీ కట్టినందుకు వచ్చే రాయల్టీ ఇందులో కలవదు. అది మొదటి ఇద్దరిదే, దాని మీద ఎవరికీ పేచీ లేదు. తగువంతా రికార్డుల మీద, కచేరీల మీద వచ్చిన డబ్బు గురించి. రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు చేసిందీ ఆ ఇద్దరే. మిగతా ఇద్దరూ ఫొటోల్లో ఉన్నారు, స్టేజి మీద ఉన్నారు, కాగితం మీద మాత్రం లేరు.

మరి అప్పుడే అడగొచ్చుగా అంటారేమో. ఇరవై ఏళ్ళ వయసులో, హాలు నిండా జనం అరుస్తుంటే, పక్కనున్న స్నేహితుణ్ణి ‘బాబూ, నాకెంత?’ అని ఎవరడుగుతారు? మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో తెలుగులో ఒక మోటు సామెత ఉంది. పత్రిక మర్యాద కొద్దీ ఇక్కడ పూర్తిగా రాయడం లేదు, పాఠకులకి ఎలాగూ తెలుసు.

బ్యాండు పోయింది, దాంతోపాటు మొహమాటమూ పోయింది. 1989లో రోర్క్, జాయిస్ ఇద్దరూ లాయర్ల గుమ్మం ఎక్కారు. రోర్క్ అప్పుల్లో ఉన్నాడు. అప్పులవాడికి న్యాయం కంటే నగదు ముద్దు. 83 వేల పౌండ్లు, ఆ పాత పది శాతం పుచ్చుకుని, ఇక మీద ఏమీ అడగనని రాసిచ్చేశాడు. జాయిస్ ససేమిరా అన్నాడు. డ్రమ్మరు కదా, చివరిదాకా కొట్టాల్సిందే అనుకున్నట్టున్నాడు.

1996 డిసెంబరులో లండన్ హైకోర్టులో విచారణ జరిగింది. రాకెన్‌రోల్ చూడ్డానికి వచ్చిన విలేఖరులకి అక్కడ దొరికింది అకౌంటెన్సీ. జాయిస్, రోర్క్ బ్యాండులో భాగస్వాములా, లేక కూలికి వచ్చిన వాయిద్యగాళ్ళా అన్నది అసలు ప్రశ్న. పచ్చిక కోసే మిషనులో ఒక పార్టు తీసేసి ఇంకోటి బిగించినట్టు వీళ్ళని మార్చేసుకోవచ్చా అనే మాట కూడా ఆ కోర్టు హాల్లో వినపడింది. జడ్జి వీక్స్ గారు అంతా విన్నారు. డ్రమ్మరు సూటిగా, నిజాయతీగా మాట్లాడాడన్నారు. మోరిస్సే మాత్రం మెలికలు తిరిగే మనిషి, తగవుమారి, తన లాభం దగ్గరికొచ్చేసరికి నమ్మదగడు అని తీర్పులోనే తేల్చేశారు. తన పాటల్లో ఊరందరినీ ఏకిపారేసిన కవిగారికి ఇంత పొందికైన విమర్శ అంతవరకు ఏ పత్రికా రాసి ఉండదు. ఈ విమర్శకుడి మీద ఉత్తరం రాసి పగ తీర్చుకుందామన్నా కుదరదు, అప్పీలు చేసుకోవాల్సిందే.

ఇంతకీ తీర్పుకి ఆధారం ఏమిటి? 1890 నాటి బ్రిటిష్ భాగస్వామ్య చట్టం. విక్టోరియా రాణి కాలం నాటిది. వేరే ఒప్పందం ఉన్నట్టు రుజువు కాకపోతే భాగస్వాములందరికీ లాభాల్లో సమాన వాటా అని అందులో రాసి ఉంది. పది శాతానికి జాయిస్ ఒప్పుకున్నాడని అవతలి పక్షం రుజువు చేయలేకపోయింది. అంతే, నలుగురికీ తలా పావలా. ఎలక్ట్రిక్ గిటార్ ఇంకా పుట్టని రోజుల్లో రాసిన చట్టం వచ్చి, పాప్ బ్యాండులో డ్రమ్మరుకి దాదాపు పది లక్షల పౌండ్ల బకాయి ఇప్పించింది. 1998లో మోరిస్సే అప్పీలూ కొట్టేశారు.

ఇందులో మింగుడుపడని ముక్క రోర్క్‌ది. అదే బ్యాండు, అవే పాటలు, అదే స్టేజి. జాయిస్‌కి ఇరవై అయిదు, రోర్క్‌కి పది. తొందరపడి సంతకం చేశాడు, 1999లో దివాలా తీశాడు. 2023లో కన్నుమూశాడు. అతని బేస్ గిటార్ లేకుండా ఆ పాటలు ఊహించలేమని వాళ్ళ అభిమానులు ఇప్పటికీ అంటారు. చట్టం అభిమానుల మాట వినదు, సంతకం మాట వింటుంది.

మోరిస్సే మాత్రం మర్చిపోలేదు. ఈ కోర్టు గొడవ మీద ఏకంగా ఒక పాట కట్టాడు. 1997లో ఆల్బమ్ బ్రిటన్‌లో విడుదలయ్యేటప్పుడు పరువునష్టం దావా పడుతుందేమోనన్న భయంతో దాన్ని తీసేశారు. 2013లో ఆత్మకథ రాసి, అందులో ఈ కేసుకి పేజీలకి పేజీలు ధారపోశాడు. ఆ పుస్తకాన్ని పెంగ్విన్ వాళ్ళు క్లాసిక్స్ వరసలో వేశారు. హోమర్ పక్కన ఒక వాటాల తగాదా! అయినా మహాభారతం మాత్రం ఏమిటి?

ఇంగ్లండులో ఇదొక్కటే అనుకోకండి. ప్రోకోల్ హారమ్ బ్యాండు 1967లో చేసిన ఒక పాట లోకమంతా మోగింది. అందులో ఆర్గన్ వాయించిన మాథ్యూ ఫిషర్ ‘ఆ ముక్క నాది’ అని కోర్టుకెక్కింది 2005లో, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆలోచించి. 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన పక్షానే తీర్పిచ్చింది, సంగీతం హక్కులో నలభై శాతం ఆయనదేనని. కాకపోతే పాత బాకీ మాత్రం దక్కలేదు.

మనవాళ్ళు తక్కువ తిన్నారా? ఇళయరాజా సినిమాలకి సంగీత దర్శకుడు కాకముందు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ట్రూపులో వాయించేవారు. ఒకరినొకరు ఒరే అనుకునేంత స్నేహం. 2017 మార్చిలో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దంటూ ఇళయరాజా లాయరు నోటీసు వెళ్ళింది. ఇది వాటాల తగువు కాదు, కాపీరైటు తగువు. అయినా రుచి అదే. ఒకప్పుడు తన ట్రూపులో వాయించిన మనిషి దగ్గర్నుంచి నోటీసు! బాలు వాదనకి దిగలేదు. ఇంకెందరో సంగీత దర్శకుల పాటలు ఉన్నాయిగా, అవి పాడతానని ఫేస్‌బుక్‌లో ప్రకటించి కచేరీలు కొనసాగించారు. అక్కడి తెలుగు ప్రేక్షకులు ఏ పాట అడగాలో, ఏది అడిగితే కేసవుతుందో తెలియక చీట్లు చేతిలో పట్టుకుని తికమకపడి ఉంటారు. 2019 జూన్‌లో చెన్నైలో ఇద్దరూ ఒకే స్టేజి ఎక్కారు. స్మిత్స్ వాళ్ళకి ఆ భాగ్యం లేదు. 1987 తర్వాత ఆ నలుగురూ కలిసి ఒక్క కచేరీ చేయలేదు.

మన దేశంలో 1932 నాటి భాగస్వామ్య చట్టం పదమూడో సెక్షనూ ఇదే మాట చెబుతుంది: ఒప్పందం లేకపోతే లాభం అందరికీ సమానం. నష్టమూ అంతే. విజయవాడలోనో వరంగల్‌లోనో కొత్తగా ఆర్కెస్ట్రా పెట్టబోతున్న కుర్రాళ్ళకి ఒక మనవి. కీబోర్డు కొనకముందే ఒక తెల్లకాగితం తీసి, ఎవరికెంతో రాసుకుని, అందరూ సంతకాలు పెట్టండి. డ్రమ్మరు చేత కూడా పెట్టించండి. బ్యాండు పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.