అవరోహణాచార్యులు

ఈయన్ని పాట వాయించమని అడగకూడదు. అడిగితే నొచ్చుకుంటాడు. జాజ్‌లో పాట కంటే ముందు స్కేలు రావాలనీ, స్కేలు వేళ్ళలోకి దిగాలంటే తొందర పనికిరాదనీ చెబుతాడు. చెప్పి, బాంజో మీద మొదలుపెడతాడు: జి, ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ, డి, సి, బి, ఎ. మళ్ళీ జి.

అమెరికాలో ఈ బాపతు మనిషి పేటకొకడు ఉంటాడు. సాధారణంగా రిటైరైన ఇంజనీరో, రేపోమాపో కాబోయేవాడో అయి ఉంటాడు. ఉత్తర కరోలినాలోని మా కెరీలో నాకు దొరికిన నమూనా కంచెకు అవతలే కాపురం. మూడువేళ్ళ బాంజోకు పెద్దదిక్కు ఎర్ల్ స్క్రగ్స్ 1924లో పుట్టింది ఈ రాష్ట్రంలోనే. ఇక్కడ బడికెళ్ళే పిల్లలు కూడా ఐదు తీగల బాంజో మీద ఒకటి రెండు బ్లూగ్రాస్ పాటలు లాగించేస్తారు. అందుకే మనవాడికి బ్లూగ్రాస్ అంటే చిన్నచూపు. ఆయన ఇష్టదైవం బేలా ఫ్లెక్, అదే వాద్యం మీద జాజ్ పలికించి మెప్పించిన న్యూయార్క్ వాడు. ఆ దేవుడు పాటలు కూడా వాయిస్తాడన్న సంగతి మాత్రం భక్తుడు పట్టించుకోడు.

"బాంజో మీద జాజేమిటండీ?" అన్నామా, 1925 నాటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ రికార్డు పెట్టి జానీ సెయింట్ సిర్ బాంజో వినిపిస్తాడు. అది ఈ ఐదు తీగల రకం కాదనీ, ఎక్కువగా లయ పట్టడానికే పనికొచ్చిందనీ, తర్వాత గిటారొచ్చి దాన్ని సాగనంపిందనీ మనం గుర్తు చేయకూడదు.

ఆయన దిగే మెట్లను బీబాప్ స్కేలు అంటారు. ఇండియానా విశ్వవిద్యాలయంలో జాజ్ నేర్పిన డేవిడ్ బేకర్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. సంగతి తెలిస్తే ముచ్చటేస్తుంది. మన హరికాంభోజిలోకి కాకలి నిషాదాన్ని కూడా చేర్చుకుంటే ఇదే. ఏడు స్వరాలతో దిగితే రెండో చుట్టుకే దెబ్బలు తారుమారవుతాయి. ఎనిమిదైతే స, కైశికి ని, ప, గ ఎన్ని చుట్లు దిగినా దెబ్బ మీదే పడతాయి. మిగతావి పెళ్ళిబస్సులో చుట్టాల్లా సందుల్లో సర్దుకుంటాయి. జి సెవెన్త్ కార్డులో ఉండేవి సరిగ్గా ఆ నాలుగే. ఇంత చక్కగా వివరించేవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. వాయించడం వేరే విషయం.

ఇబ్బందంతా బాంజోతోనే. బొటనవేలికి ప్లాస్టిక్ గోరు, తక్కిన రెండు వేళ్ళకూ లోహపు గోళ్ళు తొడుక్కుని ఒకే తీగను వెంటవెంటనే వడిగా మీటడం కష్టం. కాబట్టి బిల్ కీత్ బాణీలో పక్కపక్క స్వరాలను వేర్వేరు తీగల మీద పట్టాలి. మనవాడు ఐదో తీగ మీద జి మీటి, రెండో తీగ ఏడో మెట్టు మీద ఎఫ్ షార్ప్ నొక్కి, మొదటి తీగ మూడో మెట్టు మీది ఎఫ్ కోసం వేలు చాచేసరికి ఫోన్లో మెట్రోనోమ్ ముందుకెళ్ళిపోయి ఉంటుంది. ఆగుతాడు. వేళ్ళకేసి చూడడు, బాంజోకేసి చూస్తాడు. తప్పు చర్మం బిగువుది. మొన్న బ్రిడ్జిది. అంతకు ముందు గోళ్ళది. ప్రతి తప్పుకూ ఒక పార్సెల్ వస్తుంది.

పైగా పన్నెండు శ్రుతుల్లోనూ దిగాలని వ్రతం. శ్రుతి మార్చినా ఐదో తీగ జి అనే మొండికేస్తుంది. దాన్ని పై మెట్ల దగ్గర నొక్కిపెట్టడానికి బొమ్మ రైలు పట్టాలకు కొట్టే బుల్లి మేకులు కొట్టించాడు. వెటకారం కాదు, బాంజోవాళ్ళు నిజంగానే అవి వాడతారు. వాళ్ళావిడ ఓర్పుగల మనిషి. బాంజో వెనక డొల్లలో తువ్వాలు కుక్కి ఊరుకుంది.

కాకినాడలో పిల్లలకు సంగీతం చెప్పిన మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు డెక్ మీద కూర్చుని విన్నది.

"ఏరా, హరికాంభోజిలా ఉంది, కాకలి నిషాదం తగుల్తోంది. ఖమాసంటే గమకం లేదు. పోనీ, వర్ణం ఎప్పుడెత్తుకుంటాడూ?"

"ఎత్తుకోడమ్మా. ముందు స్కేలు రావాలిట."

"సరళీ వరసలకే ఇన్నాళ్ళా! నా దగ్గరైతే ఈపాటికి గీతాల్లో ఉండేవాడు," అంది. ఆ ఐదో తీగ మాత్రం ఆవిడకు నచ్చింది. తంబురా పనిచేస్తోందంది.

ఓసారి మనవాణ్ణి ఎవరింట్లోనో శనివారం జామ్‌కు తీసుకెళ్ళారు. ఫిడేలు, గిటారు, మాండొలిన్ జి మీద జోరుగా సాగుతున్నాయి. వంతు ఈయనకొచ్చింది. అందరూ గొంతు తగ్గించి దారిచ్చారు. ఆయన బాంజో సర్దుకుని, గోళ్ళు బిగించుకుని, తీగ సవరించుకున్నాడు. ఈలోగా వంతు మాండొలిన్‌కు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక నాతో, "ఎఫ్ షార్ప్ ఇంకా కుదురుకోలేదు," అన్నాడు. ఆ ముఖంలో ఓటమి కనిపించలేదు. నాకు కనిపించింది సంబరమే. కుదిరితే రేపు పొద్దున్న చెయ్యడానికి ఏముంటుంది మరి?

కెరీలో ఇల్లు కొనాలనుకునేవారికి ఒక మాట. పక్కింటి డెక్ మీద బాంజో పెట్టె కనిపిస్తే బేరం మానుకోకండి. ఆకులు ఊదే యంత్రం కంటే నయమే, ఏడు దాటాక ఆపేస్తాడు కూడా. ఏ పాట నేర్చుకుంటున్నారని మాత్రం అడక్కండి. ఇంకో బ్రిడ్జి తెప్పిస్తాడు.