గేటు దాటితే విదేశం

పెద్ద దేశంలోంచి ఏ ముక్క కోసి పక్కన పెడితే సొంతంగా బతికి బట్టకడుతుంది? మా అచ్యుతాపురం జంక్షన్లో ఈ సంగతి రోజూ పొద్దున్న ఆరింటికి తేలిపోతుంది. కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి టీ తాగేంత తీరిక ఉంటుంది. ఆ కాస్తలోనే ఒకడు తమిళనాడుని విడగొడతాడు, ఇంకొకడు గుజరాత్‌కి జెండా కుట్టేస్తాడు. మూడోవాడు గ్లాసు కింద పెట్టి, "మన విశాపట్నానికేటి తక్కువ?" అంటాడు.

వాడి లెక్క కాదనలేం. 1933లో తెరిచిన రేవు ఉంది. 1948లో జల ఉషని నీళ్ళలోకి దింపిన ఓడల కార్ఖానా ఉంది. చమురు శుద్ధి చేస్తాం, ఉక్కు కరిగిస్తాం. తూర్పు నౌకాదళం ఇక్కడే కాపురం ఉంటోంది, చాలదన్నట్టు మా పక్క రాంబిల్లిలో నేవీవాళ్ళు ఇంకో స్థావరానికి చోటు తీసుకున్నారు. అంటే పుట్టకముందే సైన్యం ఉన్న దేశం. పూడిమడక హరిత హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు, పెట్టుబడి లక్షా ఎనభై అయిదు వేల కోట్లన్నారు. అంకెలు లెక్కపెట్టడానికి మా టీ బడ్డీవాడు రెండు చేతులూ వాడి, చాలక నా చేతులు అరువడిగాడు. నోరు తీపి చేసుకోడానికి అనకాపల్లి బెల్లం. దేశాధినేత సాయంకాలం షికారుకి కొండకర్ల ఆవ, అందులో తాటి దోనె. 1965లో మలేషియా బయటికి గెంటేసిన రోజున సింగపూరుకి తాగే నీళ్ళు కూడా చాలావరకు పొరుగింటివే. దానికంటే మనం ఎంత నయం!

తెలుగు నేల మీద దేశం పెట్టాలన్న సరదా మనతో మొదలవలేదు. ఏడో నిజాం 1947లో పెట్టేశాననుకున్నాడు. సొంత రైళ్ళు, సొంత సిక్కా, సొంత తపాలా బిళ్ళలు, విమానాల కంపెనీ... లేనిదల్లా సముద్రమే. గోవాలో రేవు కొందామని పోర్చుగీసువాళ్ళ వైపు చూశాడు కూడా. ఆ ముచ్చట తీరకుండానే 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బయల్దేరింది, 17కల్లా దేశం అయిపోయింది. మాకు సముద్రం ఉంది కాబట్టి ఇంకో రెండు రోజులు ఎక్కువ ఆగుతామని మూడోవాడి ధీమా.

నన్నడిగితే నిజాం కంటే యానాం తెలివైనది. 1954 దాకా కాకినాడ నుంచి పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి ఫ్రాన్సులో ఉండొచ్చు. ఇక్కడ శారదా చట్టం వచ్చి పిల్లల పెళ్ళిళ్ళు నేరమనేసరికి, మన పెద్దలు పిల్లల్ని చంకనెత్తుకుని ఫ్రాన్సు వెళ్ళి, మూడు ముళ్ళూ వేయించి, తాంబూలం నములుతూ తిరిగొచ్చారు. ఈ పక్క చెల్లనిది ఆ పక్క చెల్లుతుంది. పరాయి దేశం పక్కూళ్ళోనే ఉంటే వచ్చే సుఖం అది. ఆ సుఖం రుచి మరిచిపోనివాళ్ళు తర్వాత ఢిల్లీ చేరి చట్టాలు రాశారని నా అనుమానం.

ఎందుకంటే మూడోవాడు ఆలస్యంగా మేలుకున్నాడు. మా ఊళ్ళో దేశం ఎప్పుడో విడిపోయింది. జెండా లేదు, గీతం లేదు, ఒక్క తూటా పేలలేదు. 2005లో పార్లమెంటు ప్రత్యేక ఆర్థిక మండళ్ళ చట్టం చేసింది. ఆ మండలాన్ని జనం ముద్దుగా సెజ్ అన్నారు, అలాంటిదొకటి మా ఊళ్ళో వెలిసింది. ఆ చట్టంలో 53వ సెక్షన్ ఏమంటుందంటే, సెజ్‌ని భారతదేశపు కస్టమ్స్ భూభాగానికి వెలుపల ఉన్న ప్రాంతంగా భావించాలట. ఆ "భావించాలి" దగ్గరే ఉంది కిటుకంతా. మన పురాణాల్లో మాయ అంటే ఏమిటో చిన్నప్పుడు మా తాత ఎంత చెప్పినా ఎక్కలేదు, ఈ సెక్షన్ చదివాక ఎక్కింది. జీడి తోట ఉన్నచోటే ఉంది. సముద్రపు గాలి వీచినవైపే వీస్తోంది. కాకపోతే అది విదేశమని భావించాలి.

భావిస్తే ఏమవుతుందో చూడండి. గాజువాక నుంచి ఇనుప చువ్వల లారీ లోపలి పనికని గేటు దాటితే అది ఎగుమతి. లోపలి సరుకు ఇటు వస్తే దిగుమతి, కస్టమ్స్ సుంకం కట్టాలి. ఎగుమతి లాభాల మీద మొదటి అయిదేళ్ళు ఆదాయపు పన్ను సున్నా, తర్వాతి అయిదేళ్ళు సగం. 2020 తర్వాత మొదలైన యూనిట్లకి ఈ భాగ్యం లేదు. పాపం, వాళ్ళు ఆలస్యంగా పుట్టిన తమ్ముళ్ళు. దేశానికి కోర్టు కావాలి కదా, ప్రత్యేక కోర్టులు పెట్టుకోవచ్చని చట్టంలోనే ఉంది. పాలకుడు కావాలి కదా, డెవలప్‌మెంట్ కమిషనర్ అని ఒకరుంటారు, రాజధాని దువ్వాడ. ఓటు మాత్రం కనపడదు. ఓటర్లు లేని దేశం బాగుపడకపోతే ఇంకేది బాగుపడుతుంది చెప్పండి!

పొరుగు దేశాలతో సంబంధాలకీ లోటు లేదు. శ్రీలంక నుంచి బ్రాండిక్స్‌వారు వచ్చి బట్టల నగరం కడతామంటే వెయ్యి ఎకరాలిచ్చాం. రాముడు వారధి కట్టుకుని అటు వెళ్ళాల్సి వచ్చింది. మేం లంకనే అచ్యుతాపురం రప్పించాం. సీతమ్మలు మాత్రం ఎవరూ ఎత్తుకుపోకుండానే పొద్దున్నే బస్సెక్కి వెళ్తారు.

నాకు మింగుడుపడనిది ఈ సీతమ్మల పౌరసత్వం. అమెరికాలో ఉన్నవాణ్ణి మనం ఎన్నారై అంటాం, పెళ్ళిచూపుల్లో కుర్చీ తుడిచి వేస్తాం. మరి పూడిమడక నుంచి క్యారేజీ పట్టుకుని రోజూ విదేశం వెళ్ళి ఎనిమిది గంటలు పనిచేసి వచ్చే గుంట ఏమవాలి? తానా సభలకి పిలవాలా వద్దా? న్యాయంగా ఆమెకి డాలరు రావాలి. రాదు. ఎందుకు రాదంటే, కార్మిక చట్టాల దగ్గరికి వచ్చేసరికి అదే చట్టం మనసు మార్చుకుంది. ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్, ప్రసూతి సదుపాయాల విషయాల్లో ఇది భారతదేశమేనట! సరే, చల్లని మాటే. కానీ ఈ దేశం సరిహద్దు ఎక్కడుందో నాకు ఆ ముక్కతో తెలిసిపోయింది. అది గేటు దగ్గర లేదు. అమ్మాయి కుట్టే చొక్కాకీ, ఆ చొక్కా కుట్టే అమ్మాయికీ మధ్య ఉంది. చొక్కా విదేశం, అమ్మాయి స్వదేశం. డాలరు చొక్కాకి, రూపాయి అమ్మాయికి.

మా ఇంటి వెనక వీధిలో ఒక పిల్ల అలాంటి పనిలోనే ఉంది. ఏ కంపెనీయో చెప్పను, చెబితే గేటు దగ్గర నా పేరు రాసుకుంటారు. ఒకరోజు షిఫ్టు దిగేటప్పుడు తనిఖీలో క్యారేజీ మూత తీయించారు. పైగిన్నెలో అన్నం మెతుకులు, కిందిగిన్నెలో జానెడు గుడ్డముక్క. నీలం రంగుది, అంచు వంకరగా కోసి ఉంది. చెల్లెలి గౌను మోచేతి దగ్గర చిరిగితే అతుకుదామని పారేసిన కుప్పలోంచి తీసుకుంది. ఇంక చూడాలి, రిజిస్టరు తీశారు, సూపర్‌వైజర్ని పిలిచారు, సంతకం పెట్టించారు. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది. దొంగతనం అన్నారట. మరేం ఏడవకు, అది దొంగతనం కాదు, సుంకం కట్టని దిగుమతి అని నేను ఓదార్చాను. వాళ్ళమ్మ నన్ను అదోలా చూసి గుమ్మం మూసేసింది.

దిగుమతుల మీద ఇంత గట్టి నిఘా ఉన్న దేశంలో గాలి మీద నిఘా ఎందుకో కుదరలేదు. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి, ఏదో వాయువు పీల్చి బట్టలు కుట్టే ఆడపిల్లలు వందల్లో కళ్ళు తిరిగి పడిపోయారు. వాయువుకి గేటు పాసు అడిగినవాడు లేడు. 2024 ఆగస్టు 21న మధ్యాహ్నం భోజనాల వేళ మా సెజ్‌లోని మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదిహేడుమంది పోయారు. సైరన్లు మోగుతుంటే జంక్షన్లో మేమందరం రోడ్డు పక్కకి జరిగి దారిచ్చాం. ఆ రోజు గేటు దాటి ఇటు వచ్చినవాటికి ఎవరూ సుంకం అడగలేదు. కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది ఆ విదేశం కాదు, స్వదేశపు రాష్ట్ర ప్రభుత్వం.

ఇక్కడికి ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉక్కు ఫ్యాక్టరీ ఉంది కదా, దాని జాతకం పక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం రోడ్డెక్కారు, తుపాకులు పేలాయి, ముప్ఫై రెండుమంది ప్రాణాలిచ్చారు. వాళ్ళు అడిగింది దేశం కాదు, ఒక్క ఫ్యాక్టరీ. అదైనా సొంత గని లేకుండా ఇచ్చారు. ఇచ్చినదాన్ని నూటికి నూరు పాళ్ళూ అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం తీర్మానించింది. జనం గొడవ చేస్తే నాలుగేళ్ళకి, 2025 జనవరిలో, పదకొండు వేల నాలుగు వందల నలభై కోట్ల ప్యాకేజీ చేతిలో పెట్టింది. సెజ్ కావాలని మాత్రం మా ఊళ్ళో ఒక్కరూ నిరాహారదీక్ష చేయలేదు, ఒక్క బస్సు అద్దమైనా పగలలేదు. అడిగి చచ్చినవాడికి ఫ్యాక్టరీ, అడగనివాడి పొలంలో ఏకంగా విదేశం! ఇంతటి దాతృత్వం చూశాక, రాజధాని ఇవ్వకపోతే ఉత్తరాంధ్రని వేరే రాష్ట్రం చేయమని ఆమధ్య నాయకులు అడుగుతుంటే నాకు జాలేసింది. రాష్ట్రం అడుగుతారేమిటండీ, చిన్న కోరిక. సర్వే నంబర్లు ఇచ్చి దేశమే పుచ్చుకోవచ్చు కదా.

రాత్రి పదింటికి రెండో షిఫ్టు బస్సు జంక్షన్లో ఆగుతుంది. గేటు లోపలంతా నున్నటి రోడ్డు, వరసగా లైట్లు. బయటికొచ్చాక అనకాపల్లి వైపు రోడ్డు వెడల్పు చేస్తున్నామని బోర్డు, బోర్డు పక్కన గొయ్యి, గోతిలో నీళ్ళు. నిన్న బస్సు దిగుతున్న ఆడపిల్లల్ని చూసి టీ బడ్డీవాడు, "ఏటమ్మా, ఇండియా వచ్చీసారా?" అన్నాడు. నా మాటలు వినీ వినీ వాడికీ ఈ పిచ్చి అంటుకుంది.

వాళ్ళలో ఒకమ్మాయి గోతిలో పడ్డ చెప్పు కర్రతో తీసుకుంటూ తలెత్తింది. "వచ్చీసేం బాబూ. మరి ఈ రోడ్డు ఏ దేశానిదో మీ మాస్టారికేటైనా తెలుసేటి?"

నేను టీ డబ్బులిచ్చి ఇంటికొచ్చేశాను.