ఆకు రాల్చిందా, అసలే పోయిందా?

కరీంనగర్‌లో ఇంటి ముందు నీడ కావాలంటే ఎవరైనా వేప పెడతారు, లేదంటే కానుగ. నేను గింజలు తెప్పించి మెటాసెకోయా పెట్టాను. పైన్, దేవదారులకు దూరపు చుట్టం. వంద అడుగులు దాటి నిటారుగా లేస్తుంది. ఆ చుట్టాల్లా ఏడాదంతా పచ్చగా ఉండదు, చలికాలం రాగానే ఆకంతా దులిపేసుకుంటుంది.

1941లో జపాన్ శాస్త్రవేత్త షిగెరు మికి శిలాజాలు చూసి దీనికి పేరు పెట్టాడు. ఎప్పుడో అంతరించిందనుకున్న చెట్టు చైనాలో ఓ లోయలో బతికే ఉందని తర్వాత తేలింది. 1948లో అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరేటం దాని గింజలు దేశదేశాలకు పంచింది. పోయిందనుకుంటే బతికుండటం దీని వంశాచారం. ఇంట్లో నా వాదనంతా ఈ ఒక్క పాయింటు మీదే నిలబడింది.

ఎందుకంటే మా మొక్క చలికాలం ఆకు రాల్చలేదు. మే నెలలో రాల్చింది.

"కొడుకా, గా ఎండుపుల్లకు నీళ్లెందుకురా?" అంది అమ్మ.

"ఆకురాల్చే జాతమ్మా!"

ఇలాంటి చెట్టు పెంచడంలో సుఖమే అది. చచ్చినా ఒప్పుకోనక్కర్లేదు. మా ఆవిడ పుట్టిల్లు ఆదిలాబాద్. "మా దిక్కు టేకు గూడ ఆకు రాలుస్తది. దానికెవ్వరు కూలర్ పెట్టరు," అంది.

అవును, వరండాలో కుండీకి ఎదురుగా కూలర్ పెట్టాను. దానికి కరెంటిచ్చే గోదావరిఖని బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. అందులో ఎక్కువగా ఉన్న గ్లోసోప్టెరిస్ చెట్లు కూడా ఆకు రాల్చేవేనట. అంటే ఒక పాతకాలపు అడవిని రామగుండంలో కాల్చి, ఆ కరెంటుతో ఇంకో పాతకాలపు మొక్కకు గాలి కొట్టిస్తున్నాను. నేను మాత్రం లోపల చెమటలు కక్కుతూ విసనకర్రతో పడుకున్నాను.

కాండాన్ని గోటితో గీరితే లోపల పచ్చగా కనబడాలి. కనబడితే ప్రాణమున్నట్టు. పొద్దున గీరాను, పచ్చగానే ఉంది. సాయంత్రం అనుమానమొచ్చి మళ్లీ గీరాను. వారం తిరిగేసరికి పుల్లకు బెరడు కంటే నా గోటిగాట్లే ఎక్కువయ్యాయి.

వానలు పడగానే మా ఆవిడ అదే కుండీలో చిక్కుడు గింజ గుచ్చింది. తీగ నా పుల్లను చుట్టుకుని పందిరెక్కింది. ఇప్పుడు కుండీ నిండా ఆకులే. వచ్చినవాళ్లకు నేను మెటాసెకోయా అని చెబుతాను, మా ఆవిడ చిక్కుడు అంటుంది. వాళ్లు ఆమె మాటే నమ్మి, ఓ గుప్పెడు కాయలు కోసుకుపోతారు.