వచ్చువారుండరు: టీకా తాత్పర్యము

అవతారిక: ఉద్యోగం దొరికి సింగపూరు చేరి, గది కోసం తిరిగే రోజుల్లో నా కంటపడిన అద్దె ప్రకటన ఇది. హెచ్‌డీబీ (సర్కారు గృహనిర్మాణ బోర్డు) ఫ్లాటులో ఒక కామన్ రూము, అంటే బాత్రూము ఉమ్మడిగా వాడుకునే గది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. అర్థమైందనుకుని డిపాజిట్ కట్టేశాను. కాలేదని తెలియడానికి ఒక్క పోపు పట్టింది. మహాగ్రంథాలకు వ్యాఖ్యాతలు బోలెడుమంది; అద్దె గదికి ఎవరూ దొరకరు. అందుకని నేనే ఆటవెలదిలోకి దించి టీక తగిలిస్తున్నాను.

మూలము:

వంట లైటుగాను, వచ్చువారుండరు,
ఏసి రాత్రి తొమ్మిదేడు దాక,
పీయుబీయు గలిపి పెట్టిరి యద్దెలో,
మెట్రొకైదు నిమిషమింతె నడక.

ప్రతిపదార్థము: వంట = పొయ్యి మీద జరుగు క్రియ; లైటుగాను = (దీని గొడవ కింద చూడుడు); వచ్చువారు = బంధుమిత్రులు; తొమ్మిదేడు దాక = రాత్రి 9 మొదలు ఉదయం 7 వరకు (ఇకార సంధి; ఈ సంధిలో లోపించింది ఇకారం ఒక్కటే కాదు, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర కూడా); పీయుబీయు = నీళ్లు, కరెంటు, గ్యాసు బిల్లు సైతము; మెట్రొకు = ఎమ్మార్టీ స్టేషనుకు; ఇంతె = ఎదుటివాడు నోరెత్తకుండా వేసెడి మాట.

తాత్పర్యము: ఓ అద్దెదారుడా! ఉడకబెట్టుకు తిను, ఒంటరిగా పడుకో, పగలు చెమటోడ్చు, తెల్లారగానే ఆఫీసుకు నడు అని భావము.

విశేషములు: ‘లైటుగాను’ దగ్గరే పండితులు కొట్టుకునేది. లైటు అంటే కొంచెం అని ఒక పక్షం. అయితే గరిటెడు నేతిలో అర చెంచా ఆవాలు కొంచెమే కదా. తేలిగ్గా అరిగేది అని రెండో పక్షం. చారును మించి తేలికైనది ఏముంది? రెండు పక్షాలనూ నమ్మి తొలి ఆదివారం చారు పెట్టాను. ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిర్చి రంగు తిరిగింది, టెక్కా మార్కెట్లో కొన్న కరివేపాకు రెబ్బ దూసి, చిటికెడు ఇంగువ వేశాను. హాల్లో టీవీ చూస్తున్న ఓనరు ఆంటీ దగ్గుతూ వచ్చి గుమ్మంలో నిలబడి ‘అయ్యో!’ అంది. చైనీస్ పెద్దావిడ నోట అచ్చం మన అయ్యో! ఈ ఊళ్లో అది అందరి మాటేనట. తత్సమమో తద్భవమో నేను తేల్చుకునేలోపే ఆవిడ కిటికీలన్నీ బార్లా తెరిచేసింది.

కనుక లైటు అన్నది పరిమాణవాచకం కాదు, గంధవాచకం. గంధం భూమికి గుణమని తార్కికులంటారు. సింగపూరులో అది అద్దెకున్నవాడి గుణం.

ఈ వివాదం నాతో పుట్టలేదు. పక్కింటి భారతీయుల కూర వాసన పడక ఒక చైనీస్ కుటుంబం మధ్యవర్తుల దాకా వెళ్లిందని, ఆ చైనీస్ కుటుంబం ఇంట లేనప్పుడే భారతీయులు కూర వండుకునేలా రాజీ కుదిరిందని 2011లో పత్రికలో వచ్చింది. ఊరు భగ్గుమంది. ఆ ఆగస్టు 21న, ఆదివారం, జాతిభేదం లేకుండా జనం పంతం పట్టి కూర వండుకున్నారు. ప్రకటనల భాష మాత్రం మారలేదు.

‘పీయుబీ’ని మా ఆఫీసు కుర్రాడొకడు పబ్బు అని చదువుకుని, అద్దె చవకేనని మురిసిపోయాడు. అక్షరాలు విడివిడిగా పలకాలి. పబ్లిక్ యుటిలిటీస్ బోర్డు 1963లో పుట్టింది. 2001 నుంచి దాని పని నీళ్ల వరకే. కరెంటు వేరేవాళ్లు చూసుకుంటున్నా, జనం నోట బిల్లు పేరు పీయూబీయే. యోగార్థం పోయింది, రూఢి మిగిలింది.

ఏసీ సంగతి: భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైనున్న ఊరు. ఏడాది పొడవునా పొద్దు పొడిచేది ఏడుకు అటూ ఇటూగానే. ఆంటీ ఏసీ ఆపడం, సూర్యుడు డ్యూటీ ఎక్కడం ఒకేసారి.

‘ఐదు నిమిషములు’ అనక ‘నిమిషము’ అనడం ఏజెంట్ల ఆర్షప్రయోగం. నా కాళ్లకు పన్నెండు. కానీ ఒకటి చెప్పుకోవాలి, ఆ పన్నెండూ పైకప్పు కిందే. కుండపోతలోనూ చొక్కా తడవలేదు.

ఇక ‘వచ్చువారుండరు’. ‘నో విజిటర్స్’ అన్న మూలంలో క్రియాపదమే లేదు. ‘ఉండరాదు’ అందామంటే ఛందస్సు ఒప్పుకోక ‘ఉండరు’ అన్నాను. నిషేధం కాస్తా జోస్యమైపోయింది. మా అమ్మ కాకినాడ నుంచి వచ్చి లిటిల్ ఇండియాలో హోటల్లో దిగింది. నా గదిని అక్కణ్నించే వీడియో కాల్లో చూసింది. ‘మంచం కింద తుడుస్తున్నావుట్రా?’ అని మాత్రం అడిగింది.

ఇంకో అన్వయం తర్వాతెప్పుడో తట్టింది. వచ్చువారు, ఉండరు. మొదటి ఎంప్లాయ్‌మెంట్ పాసు మామూలుగా 2 ఏళ్ల దాకానే. ఉద్యోగం పోతే పాసూ పోతుంది, మూట కట్టుకోవడానికి 30 రోజులు. వంటింటి అరలో నాకు ముందున్నవాళ్ల ఆస్తి అలాగే ఉంది: అడుగంటిన చేపల సాసు, గడ్డకట్టిన మైలో డబ్బా, ఏ భాషో తెలియని లేబులుతో ఒక కారప్పొడి.

కవిహృదయము: గది ఖాళీ చేసే రోజున ఆంటీ కొత్త ప్రకటన నాచేతే టైపు చేయించింది. అదే పాఠం, అక్షరం మారలేదు. మూలకర్త ఎదురుగా ఉండగా ఊహలెందుకని అడిగేశాను: ‘లైట్ అంటే ఏంటి ఆంటీ?’

ఆవిడ కాసేపు ఆలోచించింది. అర దగ్గరికి వెళ్లి, చేపల సాసును పక్కకు జరిపి, వెనకనున్న నా ఇంగువ డబ్బా తీసి చేతిలో పెట్టింది.

‘దిస్ వన్, యూ టేక్.’