అమెరికా వాడికున్న పట్టింపు మాకుండకూడదా?

కేంద్ర మత్స్యశాఖ పెద్దలకు,

హైదరాబాద్ ఎల్.బి. నగర్ నుంచి రాస్తున్నాను. మాకు సముద్రం లేదు, రొయ్యల మీద మోజు మాత్రం దండిగా ఉంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం కదా! మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో రొయ్యలమ్మే అతన్ని "ఇవి చెరువువా, సముద్రంవా?" అనడిగితే, "మీకేవి కావాలంటే అవే అన్నా" అన్నాడు. అందుకే తమరికి ఈ లేఖ.

ఆ తేడా ఎందుకడిగానంటే, సముద్రపు రొయ్య కోసం ఈడ్చే వలలో తాబేళ్లూ పడతాయి. తాబేలు పైకొచ్చి ఊపిరి పీల్చుకోవాల్సిన ప్రాణి. గంటల తరబడి వలలో చిక్కుకుంటే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. దీనికి విరుగుడు ఎప్పుడో ఉంది. వల గొంతులో ఏటవాలుగా ఒక చట్రం, నాలుగంగుళాల ఎడంతో కమ్మీలు. రొయ్య సందుల్లోంచి దూరి సంచిలో పడుతుంది. తాబేలు కమ్మీలకు తగిలి, జారి, పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. మన మరబోట్లకు సరిపోయే చట్రాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థే తయారుచేసింది.

ఇలాంటి చట్రం వాడని దేశాల సముద్రపు రొయ్య వద్దని అమెరికా 1989లోనే చట్టం చేసింది. మనం ఊరుకున్నామా? మలేసియా, థాయిలాండ్‌లతో, ఆఖరికి పాకిస్తాన్‌తో కూడా చేతులు కలిపి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాం! 1998లో అప్పీలు తీర్పు చట్టాన్ని అమలు చేసిన తీరును తప్పుపట్టింది గానీ, తాబేలును కాపాడాలన్న ఉద్దేశాన్ని కాదు. ఆ మధ్య అమెరికా మన సముద్రపు రొయ్యకు తలుపు మూసింది. అప్పుడు మీకు చట్రం గుర్తొచ్చింది. డాలర్లిచ్చేవాడికే గానీ, రూపాయలిచ్చే మాకు ఆ పట్టింపు అక్కర్లేదా?

మా వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలిలో కృష్ణజింకను చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలే. మన వలల్లో పడే ఆలివ్ రిడ్లే తాబేలూ అదే చట్టంలో, అదే మొదటి షెడ్యూల్లో ఉంది. జింక చస్తే కేసు, తాబేలు కాకినాడ తీరానికి శవమై కొట్టుకొస్తే 'పాపం'! పైగా ఈ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా ఒడ్డుకొచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధమేమో ఏప్రిల్ 15న మొదలవుతుంది.

కంతలోంచి చేపలూ జారిపోతాయని బోటువాళ్లు మొత్తుకుంటారు. డీజిల్ ఖర్చు వాళ్లది, ఆ మాట కొట్టిపారేసేది కాదు. చట్రం ఊరికే ఇవ్వండి, పోయిన చేపకు లెక్కగట్టి డబ్బివ్వండి, ఆ తర్వాతే తనిఖీకి వెళ్లండి. హార్బర్లో సరుకు దించేటప్పుడే ఏ వలతో పట్టారో రాయించి, ఆ కాగితం మా దిల్‌సుఖ్‌నగర్ కొట్టుదాకా వచ్చేలా చూడండి. కిలోకు పది రూపాయలు ఎక్కువైనా ఇస్తాం.

ఇట్లు,
రొయ్యల వేపుడు మానలేని ఎల్.బి. నగర్ వాసి