వింటున్నట్టు ఫొటో దిగండి

ప్రైవేటు బడి బ్రోచర్లో ఏసీ బస్సు పెట్టారు, అబాకస్ పెట్టారు, రోబోటిక్స్ ల్యాబ్ పెట్టారు. ఇంకా అర పేజీ ఖాళీ మిగిలింది. అందులో పాడ్‌కాస్ట్ బోధన పెట్టేశారు. ఇకమీదట సోషల్ పాఠం చెవుల గుండా ఎక్కుతుందట. (ఇన్నాళ్లూ ఎటునుంచి ఎక్కిందో అడక్కండి.)

ఏర్పాటు మాత్రం బ్రహ్మాండం. క్లాసు నిండా పిల్లలు, బల్ల మీద ఒకే ఒక్క బ్లూటూత్ స్పీకరు. మాస్టారు మీట నొక్కుతారు. ఎక్కడో బెంగళూరులో కూర్చున్నాయన 'హాయ్ ఫ్రెండ్స్' అంటాడు. కాస్త సంగీతం, ఆ తర్వాత పరుపుల ప్రకటన, ఆనక మొఘలులు. చివరి బెంచీ వాళ్లకు ఫ్యాను చప్పుడూ, పక్క సెక్షన్ ఎక్కాలూ ఖణేల్మని వినిపిస్తాయి.

ఒక పిల్లాడు చెయ్యెత్తాడు. ''సార్, ఔరంగజేబు ఎందుకు...''

''ష్! ఎపిసోడ్ నడుస్తోంది.''

నిజానికి పాడ్‌కాస్ట్ గొప్పంతా వినేవాడి చేతిలో ఉండే ఆ మీటలోనే ఉంది. బుర్రకెక్కకపోతే వెనక్కి తిప్పుకుంటాడు, విసుగొస్తే ఆపేస్తాడు, బస్సులో మిగతాది వింటాడు. క్లాసు మొత్తానికీ కలిపి ఒక్కసారే మోగించామా, ఆ మీట కాస్తా పిల్లల చేతిలోంచి పోయింది. ఇక మిగిలింది రేడియో! దానికింత హడావుడి దేనికి? బీబీసీ 1924లోనే బడిపిల్లలకు ప్రసారాలు మొదలుపెట్టింది. 1975లో మనవాళ్లు అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదికి ఎరువు తెచ్చి, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు దింపారు. 2004లో సాక్షాత్తూ శ్రీహరికోట నుంచి చదువుల కోసమే ఎడ్యుశాట్ ఎగిరింది. అదే ఏడాది అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ కొత్తగా చేరిన 1,600 మందికి పైగా విద్యార్థులకు తలా ఒక ఐపాడ్ పంచింది. మరుసటేడు అలా అందరికీ పంచడం మానేసింది. ఈ చివరి ముక్క బ్రోచర్లలో పట్టదు లెండి.

2020లో బడులకు తాళాలు పడ్డప్పుడు కేంద్రం పీఎం ఈ-విద్యలో సీబీఎస్‌ఈ పాడ్‌కాస్ట్ 'శిక్షావాణి'ని కూడా చేర్చింది. మాస్టారు ఎదురుగా లేని రోజులవి, సరే. ఇప్పుడు నిక్షేపంలా ఎదుట నిలబడ్డ మాస్టారి నోరు మూయించి, స్పీకరు నోరు తెరవడమే ఆధునికతట!

సర్కారు బడిలో ఈ ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ మాస్టార్లు మరుగుదొడ్ల ఫొటోలూ, మధ్యాహ్న భోజనం ఫొటోలూ యాప్‌లో ఎక్కించి చెయ్యి తిరిగినవాళ్లు. పిల్లలు వింటున్న ఫొటో ఒక లెక్కా? వినడం ఫొటోలో పడదని పై ఆఫీసుకు చెప్పేదెవరు? చెప్పినా, చెవులు బాగా కనబడేట్టు మళ్లీ తీసి పంపమంటారు.

పోనీ, మైకు పిల్లలకే ఇస్తే? అమ్మో! ఒక పిల్ల వాళ్ల నాయనమ్మ పక్కన చేరి, ఊళ్లోకి కరెంటు ఎప్పుడొచ్చిందో, చెరువు ఎవరి ప్లాట్ల కింద పూడిపోయిందో అడుగుతుంది. రికార్డు చేస్తుంది, సోది కత్తిరిస్తుంది, నాయనమ్మ చెప్పిన ఏడాది నిజమో కాదో ఇంకో ముసలాయన దగ్గర ఆరా తీస్తుంది. అలా వదిలేస్తే చదువొచ్చేస్తుంది! సిలబస్ ఏం కావాలి? పదో తరగతి పరీక్షలో దానికి అర మార్కయినా ఉందా? పైగా మైకు రుచి మరిగిన పిల్ల చెరువు దగ్గరే ఆగుతుందన్న నమ్మకమేమిటి? రేపు ఫొటోలో తళతళలాడిన మరుగుదొడ్డిలో నీళ్లెందుకు రావడం లేదని నేరుగా హెచ్చెమ్‌ గారినే అడిగితే?

అందుకే మైకును బీరువాలో పెట్టి తాళం వేశారు. స్టాకు రిజిస్టరులో 'వాడుకలో ఉంది' అని రాసి, సంతకం పెట్టారు.